యారాడ కొండకెదురుగా కారం రొట్టె

డిసెంబరు 2
లంగరేసిన చోటు నుంచి

అక్కకి,

మమ్మల్ని ఇప్పట్లో దించరనే కదా నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది. నిన్న మళ్ళీ ఏజెంటు బోటు వచ్చింది, మళ్ళీ ఉల్లిపాయలే తెచ్చింది. మేం దిగడానికి కాగితం ఏదయ్యా అని అడిగితే వచ్చే వారం అన్నాడు. ఈ వచ్చే వారం ఏ కేలెండర్లో ఉందో ఆ కేలెండరు ఒకటి తెచ్చిపెట్టమన్నాను. దానిక్కూడా వచ్చే వారమే అన్నాడు.

ఓనరు ఓడని వదిలేసి ఎటో పోయాడు. కోర్టువాళ్ళు ఓడ కదలకూడదన్నారు. ఖాళీ ఓడని నీళ్ళ మీద వదిలేయకూడదట, అందుకని మా ఏడుగురినీ దాని మీద ఉంచారు. తప్పు చేసినవాడు ఒడ్డున, వంటవాడు ఓడలో. సాయంత్రమైతే యారాడ కొండ మీద లైటు తిరుగుతూ కనబడుతుంది. ఎన్నో దేశాలు తిరిగొచ్చాను గానీ, ఇంటికి ఇంత దగ్గరగా ఎప్పుడూ ఇరుక్కోలేదు. మధ్యలో నీళ్ళు లేకపోతే గాజువాక ఆటో ఎక్కి మీ గుమ్మం ముందు దిగేవాణ్ణి.

ఫోను ఏమైందని నూకాలుతో అడిగించావు. బకెట్టుతో నీళ్ళు తోడుతుంటే జేబులోంచి జారి సముద్రంలో పడింది. ఈ ఓడ నుంచి మొదట దిగింది అదే. కెప్టెన్ ఫోను లాయర్లకే చాలడం లేదు. అందుకని ఇకమీదట ఈ కాగితాలే. యారాడ జాలరి కోటి వలకొచ్చినప్పుడు అతనికిస్తాను, వాళ్ళావిడ నూకాలు చేపల తట్టతో పాటు నీకిస్తుంది. ఉత్తరం నీచు వాసనొస్తే అది నా దస్తూరీ తప్పు కాదు.

నా గురించి బెంగ పెట్టుకోకు. ఇక్కడ కొత్తల్లుడిలా ఉన్నాను. పొద్దున్న కోటి ఇచ్చిన చేప, మధ్యాహ్నం దాని తలకాయ పులుసు. పడుకుంటే లేవమనేవాడు లేడు. చొక్కా బొత్తాలు పట్టడం లేదు, సైజు పెరిగానని రాసిపెట్టుకో.

ఇక అసలు సంగతి. ఇరవై నాలుగో తారీకు చర్చి కేరల్స్ వాళ్ళు ఊరంతా పాడుకుంటూ తిరిగి ఆఖర్న మన ఇంటికే వస్తారు. వేడి కారం రొట్టె చేత్తో తుంచుకు తినందే వాళ్ళకి పండగొచ్చినట్టుండదు. ఏటా నేను సెలవు చూసుకుని వచ్చి చేసేవాణ్ణి. ఈ ఏడు నేనుంటానో లేదో, రొట్టె మాత్రం ఉండాలి. నువ్వు చెయ్యి.

ఉల్లిపాయలు సన్నగా తరిగి ముందే వేయించి ఆరబెట్టు. పచ్చివి వేస్తే నీరొదిలి లోపల జిగురు మిగులుతుంది. పచ్చిమిర్చి, కరివేపాకు, వాము. మిరపకాయకి దయాదాక్షిణ్యాలు చూపకు. ఈస్టు పొడి వద్దు. చలికాలం కదా, ఈత కల్లు దొరుకుతుంది, పొద్దున్నే దించినది, నురగ చావనిది తెప్పించు. దాంతోనే మైదా కలుపు. ఉప్పు ఆఖర్న. గిన్నె మీద తడిబట్ట కప్పి, పిండి రెండింతలయ్యేదాకా దాని జోలికి వెళ్ళకు. తర్వాత బావ ఆటోనగర్లో చేయించిన ఇనప పెట్టె ఓవెన్లో, బొగ్గులు కిందా పైనా.

నీ తమ్ముడు,
సత్యం

డిసెంబరు 6
గాజువాక

సత్యానికి,

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. రొట్టె ఒక్కటే బాగోలేదు.

చర్చిలో స్త్రీల కూటానికి సెక్రటరీని, కల్లు కోసం నేనెలా వెళతానని ఆలోచించావా? మీ బావని పంపాను. ఆయన పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చారు, వచ్చేటప్పుడు పాట పాడుకుంటూ వచ్చారు. సీసా నిండుగానే ఉంది. నువ్వు చెప్పినట్టే కలిపి, వెచ్చగా ఉంటుందని ఇన్వర్టరు మీద పెట్టాను. సాయంత్రం దాకా చూశాను. పిండి ఎక్కడిదక్కడే ఉంది. కాలిస్తే గుమ్మానికి తలుపు పడకుండా అడ్డం పెట్టుకునే రాయిలా వచ్చింది. నువ్వు చెప్పడంలో ఏదో దాచావు, నాకు తెలుసు. నీ చేతి వంట ఇంకొకరికి రాకూడదని చిన్నప్పట్నుంచీ నీకు ఆశ.

ఇంకో సంగతి. ఆదివారం ఆరాధన అయ్యాక నావికుల సంక్షేమ ఆఫీసు తరఫున ఒకాయన చర్చికి వచ్చాడు. మంచి మనిషి. ఓడలో ఉన్నవాళ్ళ ఇళ్ళకి తిరుగుతున్నాడట. మీ తమ్ముడెలా ఉన్నాడమ్మా అని అడిగాడు. పదిమంది ముందు మనవాడి కష్టం చెప్పుకుని ఏడవడం మన ఇంటావంటా లేదు. నీ ఉత్తరం సంచీలోనే ఉంది. కొత్తల్లుడు, తలకాయ పులుసు, బొత్తాలు పట్టకపోవడం చదివి వినిపించాను. పాస్టరు గారు కూడా నవ్వారు. సంక్షేమం ఆయన కూడా నవ్వి, చాలా సంతోషమమ్మా అని, అంతా రాసుకుని, నా సంతకం కూడా పెట్టించుకున్నాడు. ఎంత గర్వంగా ఇంటికొచ్చానో.

నూకాలు కూడా, "మీ తమ్ముడికేటమ్మా, ఎప్పుడు సూసినా నవ్వుతానే ఉంతాడట" అంది. ఆ మాట విని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పెందలాడే దిగి వచ్చెయ్.

అక్క,
పుష్పకుమారి

డిసెంబరు 9

అక్కా,

రొట్టె సంగతి చదివి నవ్వలేక చచ్చాను. బావ పాడుకుంటూ వచ్చాడని నువ్వే రాశావు. సీసా నిండుగా ఉందనీ నువ్వే రాశావు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. తాగినంత మేర కుళాయి నీళ్ళతో నింపాడు. కుళాయి నీళ్ళకి పిండి ఎక్కడ పొంగుతుంది? ఈసారి గీతకార్మికుడి దగ్గరికి బావతో పాటు పాస్టరు గారిని కూడా పంపు.

నేను దాచిందేమీ లేదు. నీకు ఇష్టమొచ్చినట్టు తిట్టుకో, కానీ ఇన్వర్టరు మీద పెట్టకు. నీకు షాకు కొడితే ఆ పేరు నా మీదకొస్తుంది.

మంచి కబురొకటి. మాలో కొందర్ని దించుతారట. మిగతావాళ్ళు ఓడకి కాపలా ఉంటారు. ఎవరి పరిస్థితి బాగోలేదో వాళ్ళని ముందు దించుతారని కెప్టెన్ చెప్పాడు. ఇంజనురూము పైడయ్య, అదే మన ఎలమంచిలి వైపు మనిషి, "బావా, నీ వయసుకి, నీ మోకాళ్ళకి నువ్వే ముందు. ఏటి సూత్తన్నావు, సంచి సర్దెయ్" అన్నాడు. సర్దేశాను. మడతపెట్టిన బట్టల మీద కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇరవై నాలుగుకి రొట్టె నేనే చేస్తాను, నువ్వు ఉల్లిపాయలు తరిగిపెట్టు చాలు.

సత్యం

డిసెంబరు 13

అక్కకి,

ముగ్గురు దిగారు. నేను లేను.

కెప్టెన్ కాగితం చదివాడు. ఒకాయనకి గుండె మంట, ఒకాయనకి నిద్ర పట్టడం లేదు, ఒకాయన భార్య ఆఫీసు ముందు కూర్చుని ఏడ్చింది. తర్వాత నా పేరు వచ్చింది. వంటవాడు, ఆరోగ్యంగా ఉల్లాసంగా ఉన్నాడు, బరువు పెరిగాడు, అక్కగారు స్వయంగా చెప్పి సంతకం పెట్టారు, కాబట్టి ఉండగలడు అని ఉంది.

నీ తప్పేమీ లేదు. నేను రాసిందే చదివావు. వాళ్ళు దిగేటప్పుడు నిచ్చెన పట్టుకున్నది నేనే. సంచి మళ్ళీ విప్పాను. మడతలు బాగా వచ్చాయి, అవి పాడైపోయినందుకే కాస్త బాధగా ఉంది.

ఇప్పుడు నలుగురం. నేనూ, పైడయ్యా, కెప్టెనూ, సెకండ్ ఇంజనీరూ. పేకాటకి సరిగ్గా సరిపోయాం.

సత్యం

డిసెంబరు 16

సత్యం,

నీ ఉత్తరం నూకాలు చేతిలోంచి లాక్కుని వీధిలోనే చదివాను. ఇంట్లోకి ఎలా వచ్చానో తెలియదు.

మర్నాడు మీ బావని తీసుకుని ఆ ఆఫీసుకి వెళ్ళాను. బాబూ, నా తమ్ముడికి బాగోలేదు, దించండి అన్నాను. ఆయన ఫైలు తెరిచి నా సంతకమే నాకు చూపించాడు. "మీరే కదమ్మా చెప్పారు, తలకాయ పులుసు తింటున్నాడని." మీ బావ మధ్యలో దూరి, వాడు చిన్నప్పట్నుంచీ అంతేనండీ, బడిలో పడి చెయ్యి విరిగితే రెండో చెయ్యి బాగానే ఉందన్న మనిషండీ అన్నారు. ఆయన నమ్మలేదు. నమ్మేలా మేమెక్కడ ఉన్నాం.

ఒకటడుగుతాను చెప్పు. నువ్వు నాతో ఆడుకున్నావా, లేక నేను అసలు సంగతి చెప్పదగిన మనిషిననే నమ్మకం నీకు లేదా? ఇంతమందిలో నన్ను వెర్రిదాన్ని చేశావు. పక్కింటివాళ్ళ ముందు మన ఇంటి గుట్టు దాచుకోవాలని అమ్మ నేర్పింది, నిజమే. నా దగ్గర కూడా దాచమని అమ్మ ఎప్పుడు చెప్పింది?

ఇంకోటి. కోటి నీకు కల్లు తెచ్చిస్తున్నాడట. ఓడ మీద పీపాలో రొట్టె కాలుస్తున్నావట. నూకాలు గాజువాక మార్కెట్టంతా చాటింది. "ఓడలో బేకరీ ఎట్టీసినాడమ్మా మీ తమ్ముడు, వాసన మా ఓళ్ళ వలకాడికొచ్చేత్తంది" అంటోంది. ఆ మాట ఆ ఆఫీసాయన చెవిన పడితే ఇంకేమైనా ఉందా? రొట్టెలు కాల్చుకుని తినేవాణ్ణి ఎవడు దించుతాడు? ఆపెయ్.

ఒక్క ఉత్తరం, జోకు లేకుండా రాయి. నేను పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెడతాను.

పుష్ప

డిసెంబరు 18

అక్కకి,

నువ్వడిగిన ఉత్తరం ఇది. రెండుసార్లు మొదలెట్టి చింపాను. చెయ్యి అలవాటుగా జోకు వైపు పోతోంది.

కోటి చేప ఇచ్చిన మాట నిజం. రోజూ కాదు. అతని వలకి పడినప్పుడు, మా ఓడ దగ్గరికి ఎవరూ తరమకుండా రాగలిగినప్పుడు. మిగతా రోజులు బియ్యంలో పురుగులు ఏరి గంజి కాస్తాను. ఏజెంటు ఉల్లిపాయలు తెస్తాడు, బియ్యం మరిచిపోతాడు.

నీళ్ళ ట్యాంకు లోపల తుప్పు పట్టింది. నీళ్ళు ఇటుక రంగులో వస్తాయి. బట్టతో వడకట్టి, కాచి తాగుతున్నాం. ఎంత కాచినా ఇనుము రుచి పోదు. అవే నీళ్ళతో స్నానం. ఒళ్ళంతా పొక్కులు. చొక్కా బొత్తాలు పట్టడం లేదన్నది, ఒళ్ళొచ్చి కాదు. వేళ్ళు వాచి బొత్తం దూర్చలేకపోతున్నాను.

జనరేటరు సాయంత్రం కాసేపే. తర్వాత చీకటి. సెకండ్ ఇంజనీరు ఎవరితోనూ మాట్లాడడు. రాత్రిళ్ళు రెయిలింగు పట్టుకుని నీళ్ళలోకి చూస్తూ నిలబడతాడు. నేనో, పైడయ్యో పక్కన నిలబడతాం. ఒకరోజు అతనికి బావ కల్లు సీసా కథ చెప్పాను. నవ్వాడు. ఆ రోజు లోపలికొచ్చి పడుకున్నాడు. రొట్టె మొదలెట్టింది కూడా అందుకే. పిండి పిసకడానికి నాలుగు చేతులు కావాలని ముగ్గుర్నీ కూర్చోబెడతాను. ఒక్కడినే పిసకగలను, ఆ మాట వాళ్ళకి చెప్పను.

నువ్వు చెప్పదగిన మనిషివి కావని కాదక్కా. నీకు రాస్తున్నప్పుడు మాత్రమే నేను ఈ ఓడ దిగి మీ వసారాలో కూర్చున్నట్టుంటుంది. అక్కడికి ఈ తుప్పు నీళ్ళు తీసుకురాబుద్ధి కాలేదు.

నాకు దిగాలని ఉంది. ఎంత ఉందంటే, లైటు తిరిగి ఇటు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటున్నాను. ఇది చూపించు.

సత్యం

డిసెంబరు 21
గాజువాక

తమ్ముడికి,

చదివాను. మీ బావకి చదివి వినిపించలేకపోయాను, ఆయనే చదువుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఆఫీసుకి పట్టుకెళ్ళాను. ఆయన ఇది చదివాడు. తర్వాత ఫైల్లోంచి మొదటి ఉత్తరంలో మాటలు తీసి చదివాడు. "రెండూ ఒకే మనిషి మాటలే. ఏది నిజమమ్మా?" అన్నాడు. రెండోది అన్నాను. "మొదటిది కూడా మీరు ఇంత గట్టిగానే చెప్పారు" అన్నాడు. ఎగతాళి కాదు, పాపం నిజంగానే అడిగాడు. చివరికి, చెప్పుడు మాటలు వద్దు, ఇరవై నాలుగున మేమే లాంచిలో వెళ్ళి కళ్ళతో చూస్తాం, దించాల్సిన మనిషైతే ఆ సాయంత్రమే దించేస్తాం అన్నాడు. ఆ తర్వాత సెలవులు, కోర్టు తెరిచేదాకా ఎవరూ రారట.

కాబట్టి నేను చెప్పేది విను. గడ్డం గీసుకోకు. మంచం మీంచి లేవకు. ఎవరైనా పలకరిస్తే మూలుగు. జోకు అస్సలు వెయ్యకు. అన్నిటికన్నా ముందు ఆ పీపా సముద్రంలో పారెయ్, ఆ రోజు రొట్టె ఊసెత్తకు. నా మీద ఒట్టు.

ఇక్కడ రొట్టె సంగతి ఆలోచించకు. పేకెట్టు ఈస్టుతో చేశాను, పొంగింది గానీ గడ్డి నమిలినట్టుంది. కేరల్స్ వాళ్ళు తింటారులే.

పుష్ప

డిసెంబరు 24
మధ్యాహ్నం

అక్కా,

నీ ఉత్తరం కోటి ఇప్పుడే ఇచ్చాడు. మూడు రోజులుగా ఈ చుట్టుపక్కలకి బోట్లని రానివ్వలేదట. అతని పడవ ఓడ పక్కనే ఆగి ఉంది, ఇది రాసి అతనికే ఇస్తాను. నువ్వేమీ అనకుండా ముందు విను.

పొద్దున్నే పిండి కలిపేశాం. ఈ రోజు లాంచి వస్తుందని మాకెవరికీ తెలియదు. క్రిస్మస్‌కి ముందు రోజు, ఏజెంటు ఇచ్చిన ఆఖరి మైదా ఉంది, జల్లించి పురుగులు తీశాను. పోయినసారి కోటి తెచ్చిన కల్లుతో కలిపిన ముద్దలో కొంత దాచి ఉంచాను, అది బతికే ఉంది. సెకండ్ ఇంజనీరు తనంతట తానే వచ్చి, ఇవాళ నేను పిసుకుతాను అన్నాడు. పిసుకుతూ వాళ్ళమ్మ గురించి చెప్పాడు. ఓడలో ఉన్న పచ్చిమిరపకాయలన్నీ పడ్డాయి. ఇప్పుడు పీపాలో కాలుతోంది. పైన పళ్ళెంలో నిప్పులు పెట్టాం. నీ ఒట్టు నా చేతికొచ్చేటప్పటికే అది సగం ఎర్రబడింది.

నీ ఉత్తరం పైడయ్యకి చదివి వినిపించాను. వాడు వెంటనే బకెట్టు తెచ్చి నిప్పుల మీద పోయబోయాడు. "ఇప్పుడే ఆర్పీ బావా, రొట్టె పారెత్తాను, నువ్వెల్లి తొంగో" అన్నాడు. ఆ మాటనేసరికే హార్బరు బ్రేక్‌వాటరు గోడ పక్కనుంచి లాంచి బయటికొచ్చింది. మా వైపే.

గాలి ఒడ్డు వైపు కొడుతోంది. రొట్టె వాసన వాళ్ళకి ఓడ కన్నా ముందే ఎదురెళ్ళి ఉంటుంది. పీపా పారేస్తే వాసన ఎక్కడ పారేస్తాను? ఇంతా చేసి దుప్పటి కప్పుకుని మూలిగితే, వంటవాడు కమ్మటి రొట్టె తిని అరక్క మూలుగుతున్నాడని రాసుకుంటారు. అయినా మూలగడం నాకు రాదు. వాళ్ళు ముఖం మీదకి వంగి ఎలా ఉంది అంటే, నోట్లోంచి ఏదో ఒకటి జారుతుంది. అందుకని ఆర్పొద్దన్నాను.

సెకండ్ ఇంజనీరు వైపు చూశాను. పీపా పక్కనే గొంతుక్కూర్చుని, కాలిందా లేదా అని చీపురుపుల్ల గుచ్చి చూస్తున్నాడు. అది అతని చేతి రొట్టె అక్కా. ఆ మనిషి ముందు దాన్ని సముద్రంలో ఎలా పారేస్తాను?

నా ఆలోచన చెబుతాను. తిట్టడానికి తర్వాత టైముంటుంది. వాళ్ళు పైకొచ్చాక మర్యాదగా కూర్చోబెట్టి, పండగ రోజులు కదా సార్ అని తలా ముక్క వేడిగా తుంచి పెడతాను. క్రిస్మస్ పూట పెట్టింది కాదనరు. కారం ఎలా ఉందంటే, పైడయ్య పచ్చి పిండి రుచి చూసినందుకే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. వాళ్ళ నీళ్ళ సీసాలు లాంచిలోనే ఉండిపోతాయి. తాడు నిచ్చెన ఎక్కేవాడు రెండు చేతులూ నిచ్చెనకే ఇవ్వాలి. రొట్టె నమిలిన మనిషి మొదట అడిగేది నీళ్ళే. ఈ ఓడలో ఉన్న నీళ్ళు ఒక్కటే రకం. వడకట్టకుండా, కాచకుండా, గాజు గ్లాసుల్లో పట్టి తెస్తాను.

తాగమనను, వద్దనను. ఏ ఉత్తరం నిజమో వాళ్ళు నన్నడగక్కర్లేదు. నాకు భయమేదంటే, నా మొహమే. ఎప్పుడూ అందరికీ నవ్వుతూ వడ్డించిన మొహం ఇది. ఆ గ్లాసు అందించేటప్పుడు అలవాటుగా పళ్ళు కనిపించాయంటే, వీడికిది కూడా వేళాకోళమే అనుకుని వెళ్ళిపోతారు. అద్దం ముందు నిలబడి ఇందాక ఒకసారి చూసుకున్నాను. నవ్వకపోతే నేను ఇంత ముసలాడిలా ఉంటానని నాకెవరూ చెప్పలేదు.

లాంచి ఇంజను చప్పుడు వినబడుతోంది. సంక్షేమం ఆయన ముందు నిలబడ్డాడు, ముక్కు పైకెత్తి వాసన చూస్తున్నాడు. రొట్టె దింపాను. పైన పెచ్చు చిట్లింది, లోపల్నుంచి ఆవిరొస్తోంది, మంచి పొంగు. నీ ఇంట్లో కూడా ఎప్పుడూ ఇంత బాగా రాలేదు.

పైడయ్య కేకేస్తున్నాడు. "సత్యం బావా, ఆళ్ళొచ్చీసినారు, నిచ్చెన దించాల, బేగి రా." ఇంకో కేక. వస్తున్నా అన్నాను. కోటి చెయ్యి చాపి నిలబడ్డాడు, ఉత్తరం ఇలాగే ఇచ్చేస్తున్నాను. కేరల్స్ వాళ్ళని కాసేపు కూర్చోబెట్టు. ఆయన గ్లాసు పట్టుకుని నా మొహంలోకి చూసినప్పుడు, ఈ ఒక్కసారి గనక నేను నవ్వకుండా